కుడి చెవి

బొబ్బిలిలో సోమలింగాచారి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ముందుగది వీణల పనికి, వెనక రెండు గదులు కాపురానికి. గృహప్రవేశం నాడు భోజనాల దగ్గర తనే నేతిగిన్నె పట్టుకుని వరసలో అందరికీ వడ్డిస్తూ వచ్చాడు. మరదలు త్రిపుర విస్తరి ముందు వంగి పప్పులో నెయ్యి వేస్తుంటే, ఆమె చూపు గిన్నె పట్టుకున్న ఎడమచేతి మీదే నిలిచిపోయింది.

"ఆ గోరుకేమైంది బావా?"

"ఏటీ కాలేదు. సుత్తి జారి వేలి మీద పడింది. రక్తం గడ్డకట్టుకుపోయింది."

"ఎప్పుడు?"

"కిందటేడు వానల్లో అనుకుంటాను. ముందు తిను, అన్నం చల్లారిపోతంది."

త్రిపుర తినలేదు. లేచి చెయ్యి కడుక్కుని, చుట్టూ బంధువులు నవ్వుతున్నా పట్టించుకోకుండా అతన్ని అరుగు మీద ఎండ పడే చోటికి లాక్కెళ్ళింది. బొటనవేలి గోరు మీద నిలువునా నల్లటి పట్టీ ఒకటి ఉంది. గోరు కొన దగ్గర సన్నగా, మొదట్లో వెడల్పుగా ఉంది.

"గోరు పెరుగుతుంది కదా బావా. దెబ్బ తగిలిన రక్తమే అయితే గోరుతోపాటు ముందుకి జరిగి, ఈపాటికి నువ్వు కత్తిరించి పారేసి ఉండేవాడివి. ఇది జరగలేదు. వెడల్పయింది. ఇక్కడ చూడు, గోరు దాటి చర్మంలోకి కూడా దిగింది."

"అయితే ఏటంటావు?"

"రేపు నాతో విశాఖపట్నం వస్తున్నావంటాను."

త్రిపుర విశాఖపట్నంలో ఒక క్యాన్సర్ పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి క్యాన్సర్‌గా మారడం గురించే ఆమె పరిశోధన అంతా. తెల్లవాళ్ళకి ఎక్కువగా ఎండ తగిలే చోట వచ్చే ఆ జబ్బు, మనవాళ్ళకి ఎండ సోకని చోట్ల పుడుతుంది. అరికాల్లోనో, అరచేతిలోనో, గోరు కిందో నల్లగా మొదలవుతుంది. ముల్లు గుచ్చుకుందనో దెబ్బ తగిలిందనో అనుకుని చాలామంది ఊరుకుంటారు. ఆసుపత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

గోరు కింద నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. త్రిపుర భయపడ్డదే నిజమైంది. బొటనవేలు పై కణుపు దాకా తీసేశారు.

ఆపరేషన్ అయ్యాక సోమలింగం కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "సగం వేలేగా పోయింది. ఉలి పట్టుకోడానికి తక్కిన నాలుగూ ఉన్నాయి," అన్నాడు. అన్నట్టుగానే వానలు వెనకబట్టేసరికి మళ్ళీ పనిలో కూచున్నాడు.

పనస దుంగ తొలిచి వీణ చెక్కడం ఆ వీధిలో చాలామందికి వచ్చు. మెట్లు వెయ్యడం మాత్రం సోమలింగానికే వదిలేసేవారు. మసి కలిపిన మైనం వీణ మెడలాంటి దండి మీద పోసి, అది మెత్తగా ఉండగానే ఇరవైనాలుగు ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే నిలబెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, స్వరం దొరికిన చోట ఆపాలి. ఆ పని మొదలెడితే వీధితలుపు వేయించేవాడు. భార్య కనకరత్నం వంటింట్లో గిన్నె కూడా చప్పుడు కానిచ్చేది కాదు. ఎనిమిదేళ్ళ కూతురు భ్రమర మైనం వేడిచేసి అందిస్తూ పక్కనే ఉండేది.

"ఇప్పుడెలా ఉంది?" అనేవాడు.

"కొంచెం తక్కువుంది నాన్నా."

"శభాష్," అని జరిపేవాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే చంకలో గడ్డ చేతికి తగిలింది. విశాఖపట్నంలో స్కానింగ్ తీస్తే ఊపిరితిత్తుల్లో కూడా మచ్చలు కనిపించాయి. ఉన్న మందులు ఇచ్చారు. మచ్చలు మొదట కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగాయి. ఆసుపత్రిలో ఇంక ఇవ్వడానికి మందు లేదని తేలాక, త్రిపుర బావని తన ప్రయోగశాలకి తీసుకెళ్ళింది.

గోడ పొడుగునా పంజరాలు. సోమలింగం ఒకదాని ముందు ఆగాడు.

"ఇన్ని తెల్లెలకలేటమ్మా?"

"పుట్టినప్పుడు నల్లవే బావా. మందు ఎక్కించాక తెల్లబడ్డాయి."

"మందేటి?"

"మన రక్తంలో కాపలా తిరిగే కణాలుంటాయి. వాటిని బయటికి తీసి, రంగుకణం పైన ఉండే గుర్తు ఒకటి నేర్పిస్తాం. ఆ గుర్తు ఎక్కడ కనబడినా చంపేలా తయారుచేసి మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తాం. మేం వేటకణాలంటాం. నీ జబ్బు కూడా రంగుకణమే కదా, ఎక్కడ దాక్కున్నా పట్టుకుంటాయి. ఇదిగో, దీని ఊపిరితిత్తుల నిండా గడ్డలుండేవి. ఇప్పుడొక్కటీ లేదు."

"మంచిదేదో చెడ్డదేదో వాటికి తెలీదన్నమాట."

"తెలీదు. అందుకే ఒళ్ళంతా తెల్లబడుతుంది. జుట్టు కూడా. ఎండలో తిరక్కూడదు."

సోమలింగం నవ్వాడు. "చిన్నప్పట్నుంచీ నల్లోడు నల్లోడనేవారు. ఈ వయసులో దొరనైపోతానన్నమాట." నవ్వుతూనే పంజరం ఊచ మీద వేలితో కొట్టాడు. పక్క పంజరంలో మందు ఎక్కించని నల్లెలకలు ఉలిక్కిపడి మూలకి పరిగెత్తాయి. తెల్లవి గింజలు తింటూనే ఉన్నాయి. ఈసారి ఇంకా గట్టిగా కొట్టాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఇవి ఇటు తిరగవేటి?"

ఆ మాట ఇంట్లో అక్కని పక్కన కూచోబెట్టుకుని చెప్పాలనుకుంది త్రిపుర. ఇప్పుడు దాచే వీల్లేకపోయింది.

"లోపలిచెవిలో కూడా రంగుకణాలుంటాయి బావా. అవి పోతే చెవి పనిచెయ్యదు."

"మనుషులక్కూడానా?"

"ఇప్పటిదాకా ముగ్గురికి ఇచ్చాం. ముగ్గురూ బతికే ఉన్నారు. ముగ్గురికీ వినబడదు."

సోమలింగం ఇంటికి వెళ్ళేదాకా బస్సులో కిటికీ బయటికి చూస్తూ కూచున్నాడు.

కనకరత్నానికి ఇందులో ఆలోచించడానికి ఏమీ కనబడలేదు. "చెవులు లేకపోతే ఏటయ్యింది? మనిషి ఉంటాడు కదా! ఎప్పుడిస్తారో అడగండి త్రిపురని," అని అతని వెంటపడింది. అతను సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. దగ్గు ఎక్కువవుతున్న రోజుల్లో తనే త్రిపురకి ఫోన్ చేశాడు.

"రెండు చెవులూ వద్దమ్మా. ఒక్కటి మిగల్చగలరేటి?"

అది కుదురుతుందని త్రిపురకి తెలుసు. వేటకణాల్ని ఒకచోట నిద్రపుచ్చే మందు ఒకటి వాళ్ళ దగ్గర ఉంది. సన్నటి సూదితో కర్ణభేరి వెనక దాన్ని నింపి, నెలకొకసారి మళ్ళీ నింపుతూ ఉంటే ఆ చెవి దగ్గరికి వచ్చిన వేటకణాలు ఏమీ చెయ్యకుండా వెనక్కి పోతాయి. ఎలకల్లో పనిచేసింది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఇస్మాయిల్ మాత్రం ఒప్పుకోలేదు.

"వేటగాడు అడుగుపెట్టని చోటు ఒకటి వదులుతున్నావు త్రిపురా. అక్కడ ఏం దాక్కుంటుందో ఆలోచించావా?"

"ఈ జబ్బు చెవిలోకి వెళ్ళడం చాలా అరుదు సార్."

"చోటివ్వనంతకాలం అరుదే. నువ్వు చోటిస్తున్నావు. అదీగాక ఆయన మీ బావ. ఈ విషయంలో నిర్ణయం నీది కాకూడదు."

చివరికి సోమలింగమే ఆయన ఎదురుగా కూచున్నాడు. ప్రమాదం ఏమిటో ఇస్మాయిల్ వివరంగా చెప్పాడు. అతను చివరిదాకా విన్నాడు.

"నా పని అంతా చెవితోనే సార్. అది పోయాక నేను బతికున్నా, ఇంట్లో ఒక మూల కూచునే మనిషినే. తెలిసే అడుగుతన్నాను. కుడిచెవి ఉంచండి."

ఇస్మాయిల్ కళ్ళజోడు తీసి తుడుచుకుని సరేనన్నాడు.

వేటకణాలు ఎక్కించిన వారంలోనే విపరీతమైన జ్వరం వచ్చింది. సోమలింగం కలవరింతల్లో మైనం ఆరిపోతోందని అరిచేవాడు. కనకరత్నం తడిగుడ్డ మారుస్తూ మంచం పక్కనే కూచుంది. జ్వరం దిగాక చంకలో గడ్డ మెత్తబడి కరిగిపోయింది. స్కానింగ్‌లో ఊపిరితిత్తుల మచ్చలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఒంటి రంగు కూడా పోయింది. మొదట కనుబొమలు, తర్వాత చేతివేళ్ళు, మెడ, ముఖం. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చిన భ్రమర తండ్రిని చూసి వాళ్ళమ్మ వెనక్కి పోయి నిలబడింది. "నేనే కదే, ఇలా రా," అన్న గొంతు విన్నాక నెమ్మదిగా వచ్చి ఆ తెల్లటి చేతిని ముట్టుకుంది.

ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవి నిలిచింది.

ఊళ్ళో జనం బొల్లి అనుకున్నారు. వీణ కోసం పార్వతీపురం నుంచి వచ్చిన ఒక సంగీతం మాస్టారు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి, కనకరత్నం ఇచ్చిన మంచినీళ్ళు వద్దని వెళ్ళిపోయాడు. అది అంటుకునేది కాదని ఎంతమందికని చెబుతారు? సోమలింగం ఎండ తగ్గాకే గడప దాటేవాడు. ఎవరైనా మాట్లాడితే తల కుడివైపు తిప్పి వినేవాడు. కనకరత్నం అతనికి కుడిపక్కన నడవడం అలవాటు చేసుకుంది.

అయినా ఆ ఏడాది బాగానే గడిచింది. మళ్ళీ వీధితలుపు మూసి మెట్లు వేశాడు. ఒక్క చెవితో పనికి రెట్టింపు సమయం పట్టేది. ఒక్కో మెట్టుకీ లేచి, వీణని అటు తిప్పి ఇటు తిప్పి వినేవాడు. భ్రమర ఓపిగ్గా మైనం మళ్ళీ మళ్ళీ వేడిచేసేది. అతను మెట్లు వేసిన వీణలు పట్టుకెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి తేలేదు. ఇస్మాయిల్ కూడా ఒకసారి ఫోన్‌లో, "నా అనుమానమే తప్పైనట్టుంది. అలా కావాలనే కోరుకుంటున్నాను," అన్నాడు.

వేసవిలో సోమలింగం నడుస్తూ తూలడం మొదలెట్టాడు. ఎండ వల్ల అనుకున్నారు. తర్వాత మంచం మీంచి లేస్తే గది తిరిగేది. చెవిలో నింపే నెలవారీ అడ్డుమందు కోసం వెళ్ళినప్పుడు ఆ మాట చెబితే, త్రిపుర మందు పక్కన పెట్టి ముందు స్కానింగ్‌కి పంపింది.

రిపోర్టు వచ్చాక అక్కనీ బావనీ తన గదిలో కూచోబెట్టింది. ఇస్మాయిల్ కూడా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఎక్కడొచ్చింది?" సోమలింగమే ముందు అడిగాడు.

"కుడిచెవి లోపల. మేం అడ్డు పెట్టిన చోటే. చిన్నదే, కానీ అక్కణ్ణుంచి మెదడుకి ఎంతో దూరం లేదు."

కనకరత్నం అతని మోచెయ్యి పట్టుకుంది.

"అడ్డు తీసేస్తే?"

"వేటకణాలు నీ ఒంట్లో ఇంకా ఉన్నాయి బావా. మందు మళ్ళీ వెయ్యకపోతే వాటంతటవే లోపలికి వెళ్ళి దాన్ని పట్టుకుంటాయి. కానీ..."

"చెవి కూడా పోతుంది. ఎన్నాళ్ళలో?"

"వారం, పది రోజులు. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. మంద్రం ఆఖర్న."

సోమలింగం త్రిపుర కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఒక్కటి ఉంచమని అడిగింది నేను. నువ్వెందుకమ్మా ఏడుస్తావు? ఆ చెవితో ఏడాది విన్నాను కదా," అన్నాడు. తర్వాత ఇస్మాయిల్ వైపు తిరిగాడు. "ఇంక వెయ్యకండి సార్."

జ్వరం వస్తే చూసుకోవడానికి త్రిపుర సెలవు పెట్టి వాళ్ళతో బొబ్బిలి వెళ్ళింది. ముందుగదిలో చెక్కడం పూర్తయిన వీణ ఒకటి తీగలు కట్టి సిద్ధంగా ఉంది. సోమలింగం చెయ్యి కడుక్కుని దాని ముందు కూచుని భ్రమరని పిలిచాడు.

"మైనం పెట్టమ్మా. ఈసారి కిందనించి వస్తాం. తీగలు ఆనే గుర్రం పక్కనున్న ఆఖరి మెట్టు ముందు."

"అదేంటి నాన్నా, ఎప్పుడూ పైనించి కదా?"

"సన్నటివి ముందు పోతాయంట. వినబడతన్నప్పుడే వేసేద్దాం."

మొదటి రెండు రోజులూ ఆపకుండా పని చేశాడు. హెచ్చు స్వరాల మెట్లన్నీ కూచున్నాయి. మూడో రోజు పొద్దున్న పెరట్లో పిచికలు రాలేదేమని అడిగాడు. అవి జామచెట్టు మీద గోల చేస్తూనే ఉన్నాయి. కాసేపటికి కనకరత్నం చేతిలోంచి స్టీలు గ్లాసు జారి పడితే అతను తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం ఒక మెట్టు జరిపి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు.

"ఎక్కువైంది నాన్నా."

"చెప్పమ్మా, ఎలా ఉంది?"

"ఎక్కువైందన్నాను కదా."

సోమలింగం కూతురి నోరు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. తీగ చప్పుడు ఇంకా వినబడుతోంది, వెనకగదిలోంచి త్రిపుర దగ్గిన దగ్గు కూడా వినబడింది. పిల్ల సన్నటి గొంతు మాత్రం లేదు. అతను సుత్తి కింద పెట్టి భ్రమర చుబుకం పట్టుకున్నాడు.

"ఏదీ, నా చెవి దగ్గర గట్టిగా నాన్నా అను."

భ్రమర అతని కుడిచెవికి నోరు ఆనించి అరిచింది. అతను తలూపాడు. వినబడిందో లేదో చెప్పలేదు. అప్పట్నుంచి ఎక్కువైతే అరచెయ్యి పైకీ తక్కువైతే కిందికీ చూపించమన్నాడు. అలా మరికొన్ని మెట్లు పడ్డాయి.

దండి మొదట్లో ఇంకా నాలుగు మెట్లు మిగిలి ఉండగా ఒకరోజు మధ్యాహ్నం తీగ మీటి ఆగాడు. మళ్ళీ మీటాడు. తల వంచి చెవిని తీగకి దగ్గరగా పెట్టి మీటాడు. త్రిపుర గుమ్మంలో నిలబడి చూస్తోంది. తీగ గదంతా మోగుతోంది. సోమలింగం నిటారుగా కూచుని, చేతిలోని మెట్టుని కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వెయ్యి."

భ్రమర మైనంలో మెట్టు నిలబెట్టి మీటింది. కొంచెం జరిపింది. ఇంకోసారి జరిపింది. తర్వాత తండ్రి వైపు తిరిగి, పెదాలు నెమ్మదిగా కదుపుతూ అడిగింది.

"సరిగ్గా ఉందా నాన్నా?"

సోమలింగం ఆమె ముఖం చూసి, "బాగుంది," అన్నాడు.

సంగీతం రాని త్రిపురకి కూడా ఆ స్వరం తక్కిన వాటితో కలవలేదని తెలిసింది. భ్రమరకీ తెలిసింది. తల దించుకుని, దాన్ని ముట్టుకోకుండా తర్వాతి మెట్టు అందుకుంది.

శీతాకాలం మొదట్లో తీసిన స్కానింగ్‌లో చెవి లోపల ఏమీ లేదు. ఒంట్లో ఎక్కడా ఏమీ లేదు. ఇస్మాయిల్ ఆ చిత్రాలు రెండుసార్లు చూసి త్రిపుర భుజం తట్టాడు. ప్రయోగశాలలో అందరూ స్వీట్లు పంచుకున్నారు. మందు పనిచేసిందని ఇప్పుడు ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. త్రిపుర తన వంతు స్వీటు బల్ల మీదే వదిలేసింది.

మర్నాడు కబురు చెప్పడానికి తనే బొబ్బిలి వెళ్ళింది. సోమలింగం ముందుగదిలో పనస దుంగ తొలుస్తున్నాడు. ఇప్పుడతను చెక్కి ఇచ్చేస్తే మెట్లు పక్కవీధిలో ఇంకొకరు వేస్తున్నారు. త్రిపుర ఫోన్‌లో పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. జబ్బు పూర్తిగా పోయింది బావా. అతను చదివి, మళ్ళీ చదివి, "మంచిదమ్మా," అన్నాడు. చెవిటితనం వచ్చాక గొంతు మరీ పెద్దదైపోయింది. తర్వాత ఉలి తీసుకుని పనిలో పడ్డాడు.

వెనకనుంచి ఏడుపు వినబడింది. నోరు తెరిచి, గుండె పగిలేలా ఏడుస్తున్న ఏడుపు. త్రిపుర హడలిపోయి వంటింటి గుమ్మంలోకి పరిగెత్తింది. కనకరత్నం పొయ్యి పక్కన పీట మీద కూచుని ఏడుస్తోంది.

"అక్కా, ఏమైంది? రిపోర్టు బాగుందే! అంతా పోయింది."

"వినబడింది. ఆ ఫోన్‌లో రాస్తా పైకి చదివావు కదా."

"మరెందుకే?"

"మీ బావవి పాముచెవులు. గుటక వేసినా వినేసేవారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ఇంట్లో అయితే అదీ లేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్ళీ నీళ్ళు వచ్చేశాయి. "ఇప్పుడు రోజూ ఇక్కడే కూచుని ఏడుస్తన్నాను. ఎంత గట్టిగా ఏడ్చినా ఆయనకి తెలీదే త్రిపురా. తలుపైనా వెయ్యక్కర్లేదు."

ఆ మాట అని ఇంకా పెద్దగా ఏడ్చింది. త్రిపుర వెనక్కి తిరిగి చూసింది. ముందుగదిలో సోమలింగం తలెత్తాడు. గుమ్మంలో నిలబడ్డ మరదలు తప్ప అతనికి అక్కణ్ణుంచి ఎవరూ కనబడరు. పంచె మీద పొట్టు దులుపుకుంటూ నవ్వాడు.

"మీ అక్క భోజనానికి పిలుస్తందేటి?" అన్నాడు, ఇల్లంతా వినబడేలా.

త్రిపుర అవునన్నట్టు తలూపింది. లోపల కనకరత్నం ఏడుస్తూనే లేచి కంచం కడిగింది.